ఆక్సిజన్ మీటరు అందింది

ఏవండీ,

చెరువు నీళ్లలో ఆక్సిజన్ చూడ్డానికని మీరు చైనా నుంచి తెప్పించిన మీటరు నిన్న వచ్చింది. మీరు పోయి నిన్నటికి నలభై రోజులు.

మీరు చెప్పినట్టే పార్సిలు పోస్టుమాన్ ఎదురుగానే విప్పాను. ఆయన అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగారు. పెట్టె ఓ మూల నొక్కుకుపోయింది గానీ మీటరు బాగానే ఉంది.

కైకలూరు తీసుకెళ్లి, చేపల మేత కొట్టువాళ్ల మీటరూ ఇదీ ఒకే బకెట్టు నీళ్లలో ముంచి చూశాం. రెండూ ఒకే అంకె చూపించాయి. మీరు కొన్నప్పుడు, అంత చవకది పనిచేస్తుందా అని నేను నవ్వాను. ఇక తెల్లారగట్ల గట్టు మీద నిలబడి, గాలి చాలక చేపలు నోళ్లు పైకెత్తుతున్నాయేమోనని చూసుకోనక్కర్లేదన్నారు మీరు. చెరువు పోయిన వారమే లీజుకిచ్చేశాను.

అటు నుంచి ఇంటర్నెట్ సెంటరుకి వెళ్లాను. క్యాలెండరు వెనక మీరు రాసిన పాస్‌వర్డు పట్టుకెళ్లాను. సరుకు అందిందని మనం నొక్కేదాకా డబ్బు వెబ్‌సైటు వాళ్ల దగ్గరే ఉంటుందని, అలాంటి చోటే కొనాలని మీరు నాకు రెండుసార్లు చెప్పారు. అమ్మినతను మూడు మెయిళ్లు పెట్టాడు. సెంటరాయన చదివి చెప్పారు.

"సరుకు చేరిందా, మీరు బాగున్నారా అని మీవారిని అడుగుతున్నాడండీ. ఏం రాయమంటారు?"

అందిందని నొక్కించాను. బాగున్నానని రాయమన్నాను. కింద మీ పేరే పెట్టించాను.