నమ్మని చేతులు

జూన్ 4

ఇవాళ మందు తప్పు మొక్కలకి పోశాను.

గ్లాస్‌హౌస్‌లో గులాబీ దారం కట్టిన వంగమొక్కలు ఎండు తెగులువి. బ్యాక్టీరియాని చంపే టెట్రాసైక్లిన్ వాటికే. ఎర్ర దారం కట్టినవి వెర్రి తెగులువి. అది వైరస్. దానికి ఈ మందు పోసినా నీళ్ళు పోసినా ఒకటే. ఎర్ర దారం ఎండకి వెలిసి గులాబీ అయింది. కుండీలన్నీ తడిపేశాక గానీ ఆకుల వంక చూడలేదు.

పక్క బల్ల ఆయనకి చెప్పలేదు. ఎవరేం చెప్పినా ముందు "నాకనుమానమే" అంటాడు. అందరూ ఆయన్ని అనుమానం అనే పిలుస్తారు. చెబితే వారం రోజులు నవ్వుతాడు.

జూన్ 19

వెర్రి తెగులు తగిలిన వంగ ఎలా ఉంటుందో, వంగతోటలు వేసే మా ఇంట్లో పుట్టినవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆకు చింతాకంత అయిపోతుంది. మొక్క చీపురుకట్టలా గుబురు కడుతుంది. పువ్వు కూడా ఆకులా పచ్చగా తిరుగుతుంది. కాయన్నది ఉండదు. నాన్న కనబడ్డ మొక్కనల్లా పీకి తగలబెట్టేవాడు. ఇప్పుడు అన్నయ్య చేస్తున్నదీ అదే.

ఎర్ర దారం మొక్కల్ని పారేద్దామని ఇవాళ వెళ్ళాను. చీపుళ్ళ నెత్తి మీద అరచెయ్యంత ఆకులున్నాయి.

జూన్ 20, ఉదయం 7

మళ్ళీ వెళ్ళి చూశాను. ఉన్నాయి.

జూన్ 28

డైరెక్టర్‌కి చెప్పాను. ఆయన నన్ను వరండాలోకి తీసుకెళ్ళి ఫోటోల ముందు నిలబెట్టారు. వరసగా రేడియం కనిపెట్టిన ఆవిడ, బఠాణీ మొక్కలతో వంశాల లెక్క తేల్చిన ఆయన, బూజులోంచి పెన్సిలిన్ తీసిన ఆయన. మేం రేడియమమ్మ, బఠాణీ తాత, బూజాయన అంటాం. చివర్న మా పెద్దసార్. కింద రాసి ఉంది: "వంగ వెర్రి తెగులుకు కారణం వైరస్ అని నిరూపించినవారు". ముప్పై ఏళ్ళుగా పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాట. నేను చదివి పాసైందీ ఆ మాటే. నాకు పాఠం చెప్పిందీ ఆయనే.

పైగా ఈ సంస్థలో ఒక రూలుంది. కొత్త మాట బయటికి పోవాలంటే, దాన్ని అందరికన్నా తక్కువ నమ్మేవాళ్ళు తమ చేతులతో ఆ ప్రయోగం మళ్ళీ చెయ్యాలి. అనుమానం వెంటనే చెయ్యెత్తాడు. నీది అపనమ్మకం కాదు, పుట్టుబుద్ధి అన్నారు డైరెక్టర్. పెద్దసార్ చెయ్యాలట. రిటైరయ్యి చాలా కాలమైంది. చేతులు వణుకుతాయి. రూలు పెట్టిందీ ఆయనే. అక్టోబర్ మీటింగ్‌లోపు ఆయన చేసి సరే అనకపోతే నా మాట అలమారలోకే.

జూలై 2

పెద్దసార్ ఇంటికి వెళ్ళాను. అంతా విన్నారు. నా మీద కోపం రాలేదు, అందుకే భయమేసింది. తన ప్రయోగం మళ్ళీ విడమరిచి చెప్పారు. జబ్బు మొక్క రసం తీసి, ఏ బ్యాక్టీరియా దూరలేని ఫిల్టర్‌లో వడకట్టి, ఆ రసం ఆకుల్ని పీల్చే పచ్చదోమలకి పట్టించి, దోమల్ని మంచి మొక్కల మీద వదిలారు. మొక్కలకి జబ్బొచ్చింది. ఫిల్టర్ దాటింది గనక అది వైరస్. ఇందులో ఎక్కడ తప్పుందో చూపించమన్నారు. నాకు కనబడలేదు. నా ఆకులు మాత్రం ఉన్నాయి అన్నాను.

నువ్వు చెప్పినదాంట్లో ఒక్క ముక్క నమ్మను గనక సోమవారం వస్తాను అన్నారు. కాఫీ కప్పు పట్టుకోలేని మనిషి బ్లేడేం పట్టుకుంటారని వాళ్ళావిడ పిన్నిగారు లోపల్నుంచే దెప్పారు. బ్లేడు ఒలకదు కదా అన్నారు ఈయన.

జూలై 15

జబ్బు కొమ్మ కోసి మంచి మొక్కకి అంటుకట్టాలి. జబ్బు ఎక్కాక మందు పొయ్యాలి. పెద్దసార్ కట్టిన అంట్లన్నీ ఎండిపోయాయి. కోత వంకర పోతోంది. నేను కట్టిపెడతానన్నాను. నువ్వు నమ్మినదానివి, నీ చెయ్యి నమ్మినట్టే కోస్తుంది అన్నారు.

జూలై 16

నా మొక్కలు మళ్ళీ చింతాకు వేశాయి.

జూలై 17

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను. అనుమానం వచ్చి చూసి, నాలుగు రోజుల వైభోగమన్నమాట అన్నాడు. ఇంటికెళ్తే అమ్మ ముఖం చూసి కనిపెట్టేసింది. వంకాయ ఎవరికైనా కూర అవుతుంది, నీకొక్కదానికే కష్టమైంది అంది. నవ్వొచ్చింది. నవ్వాక బుర్ర పనిచేసింది.

ఒక్కసారి పోసిన మందు బలం తగ్గాక కదా తిరిగొచ్చింది. మందు ఉన్నన్నాళ్ళూ నక్కి ఉండి, అది తగ్గగానే లేచింది. ఊరికే మాయమైపోయి ఉంటే ఏదో మొక్క బలమనుకోవచ్చు. నక్కి ఉందంటే లోపల ప్రాణమున్నదేదో ఉంది. ఈ మందుకి భయపడేది. వైరస్ భయపడదు.

వెంటనే వెళ్ళి పెద్దసార్‌కి చెప్పాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నారు. అదే నిజమైతే బూజాయన మందుకీ భయపడాలిగా, పెన్సిలిన్ కూడా పోద్దాం అన్నారు. నన్ను ఇరికించడానికే అన్నారు. సరే అన్నాను.

జూలై 24

ఇవాళ పెద్దసార్ సంచీలో ఇటుక తెచ్చుకున్నారు. మణికట్టుని గుడ్డపేలికతో ఇటుకకి కట్టించుకుని, వేళ్ళు మాత్రం ఆడించి అంట్లు కట్టారు. కట్టినంతసేపూ ఊపిరి బిగబట్టి ఉన్నారు. నేనూ అంతే. అనుమానం కూడా నోరు మూసుకుని దీపం పట్టుకున్నాడు.

ఆగస్టు 6

అంట్లు పట్టాయి. ముసలాయన గ్లాస్‌హౌస్‌లో ఈల వేశారు.

ఆగస్టు 31

అన్ని మొక్కలకీ జబ్బు ఎక్కింది. జబ్బొచ్చినందుకు సంతోషపడే ఉద్యోగం మాదేనేమో. ఇవాళ మూడు వరసలు చేశారు. ఒకదానికి ఉత్త నీళ్ళు, ఒకదానికి పెన్సిలిన్, ఒకదానికి టెట్రాసైక్లిన్. ఏది దేనికో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. దారాలు లేవు ఈసారి. రంగురంగుల కరెంటు వైరు ముక్కలు. ఇవైతే ఎండకి మతం మార్చుకోవు అన్నారు నా వంక చూసి.

సెప్టెంబర్ 18

మధ్య వరస ఒక్కటే ఆకు విప్పింది. మిగతా రెండూ చీపుళ్ళే.

రెండు వరసలు విప్పాలి. రెండూ బ్యాక్టీరియాని చంపే మందులే. ఒకటి పనిచేసి ఇంకొకటి చెయ్యలేదంటే నాది ఏదో పొరపాటు. మీటింగ్ జాబితాలోంచి నీ పేరు తీసెయ్యనా అని డైరెక్టర్ మర్యాదగానే అడిగారు. ఒక్కరోజు ఆగమన్నాను. ఎందుకు ఆగమన్నానో నాకే తెలియదు.

సెప్టెంబర్ 19, మధ్యాహ్నం 3

పెద్దసార్ ఏ వైరు ఏ మందుదో చెప్పారు. మధ్య వరస టెట్రాసైక్లిన్. పెన్సిలిన్ పోసిన వరసకీ నీళ్ళు పోసిన వరసకీ తేడా లేదు.

చెప్పి, వరండాలో ఫోటోల కింద బెంచీ మీద కూర్చున్నారు. నేనూ పక్కన కూర్చున్నాను. బూజాయన వంక చూస్తూ, ఈయన మందు బ్యాక్టీరియాని ఎలా చంపుతుందో చెప్పమన్నారు, క్లాసులో అడిగినట్టు. అది ఒంటి చుట్టూ కట్టుకునే గోడని కట్టనివ్వదు సార్, గోడ లేక పగిలి చస్తుంది అన్నాను. మరి అసలు గోడే కట్టుకోనిది అయితే అన్నారు. పెన్సిలిన్‌కి అక్కడ పనే ఉండదు అన్నాను. ఆయన అప్పటికే లేచి నిలబడ్డారు.

"గోడ లేదమ్మాయ్. గట్టి ఒళ్ళు కాదు, మెత్తటి సంచీ. అందుకే నా ఫిల్టర్‌లోంచి నలిగి జారిపోయింది. నేను వడకట్టింది నిజమే. పేరు తప్పు పెట్టాను."

ముప్పై ఏళ్ళ తప్పు తెలిసిన మనిషి ముఖం అలా వెలగడం నేను చూడలేదు. ఇప్పుడు నమ్ముతున్నారా సార్ అని అడిగాను. నమ్మకం సంగతి తర్వాత, ముందు ఆకు ముక్కలు పెద్ద మైక్రోస్కోప్‌కి పంపు అన్నారు.

అక్టోబర్ 9

ఫోటోలొచ్చాయి. జబ్బు మొక్క ఆకు ఈనెల్లో చిన్న చిన్న సంచులు. గుండ్రంగా కొన్ని, సాగి కొన్ని. చుట్టూ పల్చటి పొర తప్ప గోడ లేదు. మంచి మొక్కలో ఒక్కటీ లేదు. మందు పోసిన మొక్కలో సంచులు చితికి ఉన్నాయి.

అనుమానం ఫోటోని వెలుగుకి పెట్టి, తిప్పి, వెనక కూడా చూశాడు. తిరిగిచ్చి వెళ్ళి టీ తెచ్చాడు, నాకు కూడా. ఈ సంస్థలో ఇంతకన్నా పెద్ద అవార్డు లేదు.

అక్టోబర్ 14

మీటింగ్ అయింది. నేను చదివాను. వెనక వరసలోంచి ఎవరో లేచి, ఇది పెద్దసార్ మాటకి పూర్తిగా విరుద్ధం కదా అన్నారు. నాకన్నా ముందు పెద్దసార్ లేచారు. విరుద్ధమే, నా చేతులతో నేనే చేశాను, కావాలంటే ఇటుక చూపిస్తాను అన్నారు. హాలంతా నవ్వింది. తర్వాత హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఎవరికి కొట్టారో విడదీసి చెప్పలేను.

ఫోటో కింద మాట మారుస్తామన్నారు డైరెక్టర్. పెద్దసార్ ఒప్పుకోలేదు. చెరపొద్దు, మీద ఒక్క గీత గియ్యండి, కింది అక్షరాలు కనబడాలి, దాని కింద ఈ అమ్మాయి కనిపెట్టింది రాయండి అన్నారు.

అన్నయ్య ఫోన్ చేశాడు. ఇక పీకక్కర్లేదా అని అడిగాడు. చేలో మందు పొయ్యడం అయ్యే పని కాదు, ఇప్పటికైతే పీకు అన్నాను. మరేం ఒరిగిందే అన్నాడు. దేన్ని పీకుతున్నావో ఇప్పుడు తెలుసుగా అన్నాను. నాన్న ఉంటే ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు అన్నాడు. ఇద్దరం పెట్టేశాం.

డిసెంబర్ 2

ఆపకుండా మందు పోస్తున్న మధ్య వరసలో ఒక మొక్క కాసింది. ఒకటే కాయ. వంకర. పెద్దసార్ తన చేతులతో కోసి కోటు జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

డిసెంబర్ 5

పిన్నిగారు ఫోన్. సార్ ఆ కాయ బీరువాలో పెట్టి తాళం వేశారట, రోజుకి రెండుసార్లు తీసి చూస్తున్నారట, వండాలా దండం పెట్టాలా అని అడిగారు. విత్తనానికి పనికొస్తుంది, గింజ ముదిరేదాకా ఉంచమన్నాను.