రెండు గడుల ముందు

చిరంజీవి పిచ్చుకకు నాన్న దీవెనలు.

ఇక్కడ నేను క్షేమం. నా కొత్త పళ్లు క్షేమం. నేను నేర్పే సంగీతం బడిలో ఉన్న పద్నాలుగు ఇత్తడి హార్న్‌లలో పదకొండు క్షేమం, మూడింటికి సొట్టలు పడ్డాయి. నువ్వు కూడా కుశలమని తలుస్తాను. నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. తిరుగుటపాలో జవాబు రాసే మనిషిని ఇన్నాళ్లు ఊరుకున్నానంటే నీకు ఈపాటికి అనుమానం వచ్చే ఉంటుంది. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చించేశాను. ఇది నాలుగోది.

ముందు సులువైన ప్రశ్నలు. పళ్లు బాగా కుదిరాయి, గట్టివి కూడా నమలగలుగుతున్నాను. కానీ వాటితో హార్న్ ఊదడం మాత్రం నా వల్ల కావడం లేదు. నేనొక స్వరం ఊదబోతే అవి వాటికి నచ్చిన స్వరం ఊదుతున్నాయి. అందుకని పిల్లలకు నోటితో పాడి చెబుతున్నాను. వాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకుంటూనే నేర్చుకుంటారు. గది కిటికీని వడ్రంగి బాగుచేశాడు, ఇప్పుడు చలిగాలి రావడం లేదు. ఇప్పుడే నా దగ్గరికి వచ్చేయకూడదా నాన్నా అన్నావు. బడివాళ్లకు ఇంకో ఏడాది మాట ఇచ్చాను తల్లీ, లేకపోతే వచ్చేవాణ్ణే. ఆదివారం సాయంత్రాలు మరీ కష్టంగా ఉంటున్నాయి. పిల్లలు ఉండరు, బడి తాళం వేసి ఉంటుంది, నాకు నువ్వు కావాలనిపిస్తుంది. అప్పుడు నీ పాత ఉత్తరాలు తీసి చదువుకుంటాను.

మీ సంఘం గురించి నువ్వు రాసిన రెండు పేజీలూ నాకు కంఠతా వచ్చేశాయి. ప్రతి ఆదివారం కళ్లద్దాల దుకాణం మూసేశాక, వెనక గదిలో, కంటి పరీక్ష అక్షరాల పటం కింద తొమ్మిదిమంది కూర్చుని గూఢచారి సినిమాల సంగీతం వింటారని చెబితే ఇక్కడ మా ప్రిన్సిపాల్ నమ్మలేదు. బొమ్మ మీదకు మనసు పోకూడదని టీవీకి వీపు పెట్టి, కుర్చీలు గోడవైపు తిప్పుకుంటారని చెబితే అస్సలు నమ్మలేదు. పోస్ట్‌మాన్ గారు ట్రంపెట్లకు ఏ క్షణంలో మూతలు పెట్టారో కళ్లు మూసుకుని చెప్పేస్తారా? లెక్కల టీచరమ్మ కారు వెంటాడే సన్నివేశంలో డ్రమ్ము దెబ్బలన్నీ లెక్కపెట్టి నోటుబుక్కులో ఎక్కించిందా? వాయించిన మాకే ఇంత తెలియదు. మేము ఆ సినిమాలు చూస్తూ వాయించలేదు. తెర మా వెనక ఉండేది. చూసేది పెద్దాయన ఒక్కడే, అంటే మా సంగీత దర్శకుడు. తెర మీద ఎవరు ఎవరిని కాల్చారో మాకు ఆయన కనుబొమల్ని బట్టి తెలిసేది. ఆ మాటకొస్తే బయట మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు. అల్లుడు హార్న్ వాయిస్తాడని చెబితే మీ తాతయ్య ఏ లారీ మీద అని అడిగాడు. ఇన్నేళ్లకు ఎక్కడో ఒక గదిలో తొమ్మిదిమంది గోడవైపు తిరిగి మా ఊపిరి వింటున్నారు. మీ అమ్మ ఉండి ఉంటే ఎంత మురిసిపోయేదో.

ఇక అసలు ప్రశ్న. ఇంతసేపూ దాని చుట్టూనే తిరుగుతున్నానని నీకు తెలుసు.

మంచు వంతెన సినిమా. మీరు పెట్టుకున్న పేరే బాగుంది, అసలు పేరుకన్నా. గూఢచారి వంతెన మీద స్నేహితుడి కోసం ఎదురుచూస్తుంటాడు. స్నేహితుడు నవ్వుతూ వస్తాడు. వాడే ద్రోహి అని ఇంకా ఎవరికీ తెలియదు. వయొలిన్‌కు పెద్దక్కలాంటి వయోలాలు మెల్లగా నడుస్తుంటాయి. అప్పుడు ఒకే ఒక హార్న్, తాళం లెక్కలో రావలసిన చోటికి రెండు గడుల ముందే, తోడెవరూ లేకుండా లేస్తుంది. ఆ చోట మీరంతా ఊపిరి బిగబట్టుకుంటారని, పోస్ట్‌మాన్ గారు చెయ్యి పైకెత్తుతారని రాశావు. హీరోకు తెలియకముందే హార్న్‌కు మోసం తెలిసిపోయిందని, సినిమా మొత్తానికి ప్రాణం ఆ రెండు గడుల్లో ఉందని పదకొండు పేజీల వ్యాసం రాశావు. వచ్చే నెల మొదటి ఆదివారం, వేరే ఊళ్ల సభ్యులు కూడా వచ్చే సభలో దాన్ని చదవబోతున్నావు. ఆ ఆలోచన పెద్దాయనదా, నీదా నాన్నా, ఒక్క మాట రాస్తే చాలు అన్నావు.

దాని కింద సన్నటి అక్షరాలతో ఇంకో ప్రశ్న. హార్న్ రాకముందు వినిపించే వయోలాల్లో ఒకటి కాస్త ముదురుగా, కాస్త వెనకగా ఉంటుంది, అది అమ్మదే కదా నాన్నా అని. అమ్మ పోయిన ఈ ఆరేళ్లుగా అది వింటూనే నిద్రపోతున్నానని. నేను మూడు కాగితాలు చించింది అక్కడే.

పిచ్చుకా, నీకు ఒక విషయం ఎప్పుడూ చెప్పలేదు. నాకు లెక్కపెట్టడం రాదు. హార్న్ వాయించేవాడికి సగం పని ఊరకే కూర్చోవడమే. నాలుగు దెబ్బలకు ఒక గడి చొప్పున అరవై గడులు ఖాళీగా కూర్చుని, అరవై ఒకటో గడిలో సరిగ్గా లేవాలి. నేను ఇరవై దాటితే దారి తప్పేవాణ్ణి. ఉద్యోగంలో చేరిన వారంలోనే అలా లెక్క తప్పి దిక్కులు చూస్తుంటే, ముందు వరసలో వయోలా వాయిస్తున్న అమ్మాయి ఒకసారి వెనక్కి చూసి తిరిగిపోయింది. కాసేపటికి ఆమె ఎడమ మడమ చెప్పులోంచి పైకి లేచింది. అది లేచిన సరిగ్గా రెండు గడులకు నేను రావాలని సైగ. వచ్చాను. అవే మా పెళ్లిచూపులు అనుకో. ఆ తర్వాత పదకొండేళ్లు నేను ఒక్క గడి కూడా లెక్కపెట్టలేదు. మీ అమ్మ తన వాయిద్యం తాను వాయిస్తూ నా ఖాళీలన్నీ లెక్కపెట్టేది. నేను ఆ మడమ చూస్తూ కూర్చునేవాణ్ణి. పెద్దాయన నన్ను గడియారం అని పిలిచేవాడు. ఇంత తప్పులేని వాయిద్యగాణ్ణి చూడలేదని పదిమందిలో మెచ్చుకుంటే సిగ్గులేకుండా తల ఊపేవాణ్ణి.

మంచు వంతెన రికార్డింగ్ నాటికి నీకు రెండేళ్లు. ఆ ఉదయం నీకు ఒళ్లు కాలిపోతోంది. ఒకరు ఇంట్లో ఉండాలి. నేనూ ఉండవచ్చు, మరో ముగ్గురు హార్న్‌వాళ్లు ఉన్నారు, ఎవరికి చెప్పినా నా ముక్క వాయించి పెట్టేవారు. కానీ ఆ సినిమాలో మొదటిసారి వయోలాలకంటూ పెద్దాయన ఒక నడక రాశాడు, మీ అమ్మ దాన్ని నెల రోజులుగా నిన్ను ఒళ్లో పెట్టుకుని సాధన చేసింది. నాకు అదంతా తెలుసు. తెలిసే అన్నాను. నువ్వు పెద్దదానివి, ఆ మాట ఆ మాటగానే రాస్తాను.

"ఎనిమిది వయోలాల్లో ఒకటి తగ్గితే ఎవరికి వినిపిస్తుంది?"

మీ అమ్మ వయోలాను పెట్టెలో పెట్టి మూత వేసింది. తడిగుడ్డ తీసుకుని నీ దగ్గరికి వెళ్లింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు. నేను గుమ్మం దాటేసరికే నాకు తెలిసింది. అయినా వెనక్కి రాలేదు, రికార్డింగ్‌కు ఆలస్యమవుతోందని పరుగెత్తాను.

స్టూడియోలో ఆమె కుర్చీ తీసేసి మిగతా ఏడూ దగ్గరగా జరిపారు. నడక మొదలైంది. నేను అలవాటు ప్రకారం కింద చూశాను. అక్కడ నేల ఉంది. లెక్కపెట్టడం మొదలుపెట్టాను, అప్పటికే ఎన్ని గడులు పోయాయో తెలియలేదు. ఇంక ఆగలేక ఊదేశాను. ఊదిన తర్వాత తెలిసింది తప్పని, కానీ హార్న్‌లోంచి బయటికి వచ్చినదాన్ని లోపలికి పీల్చుకోలేం కదా, అలాగే పట్టుకుని ఉన్నాను. మిగతావాళ్లు వచ్చి చేరారు. సినిమా దర్శకుడు అద్దాల గదిలోంచి ఇది చాలా బాగుంది, ఇలాగే ఉంచండి అన్నాడు. ఎందుకు తొందరపడ్డావని పెద్దాయన అడిగితే, ఇక్కడ ఇలా రావాలనిపించిందండీ అన్నాను. తర్వాత పత్రికవాళ్లు అడిగినా అదే చెప్పాను. నీ వ్యాసంలో నాలుగో పేజీలో ఆ మాటే ఎత్తి రాశావు. చదువుతుంటే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి భుజం మీదకు పోయింది.

సినిమా వచ్చాక ముగ్గురం వెళ్లాం. నువ్వు నా ఒళ్లో నిద్రపోయావు. వంతెన దగ్గర హార్న్ లేవగానే మీ అమ్మ తెర మీంచి కళ్లు తిప్పి నా వైపు చూసింది. తప్పు ఎక్కడ జరిగిందో, ఎందుకు జరిగిందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. నా చెవి దగ్గరికి వంగి, "లెక్కపెట్టుకోవడం నేర్చుకోండి, ఇక నేను రాను" అంది. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బతిమాలి ఉండేవాణ్ణి. భుజం నొప్పి వల్ల వయోలా వాయించడం మానేశానని నీకు చెబుతూ వచ్చింది, నేను పక్కన కూర్చుని అవునంటూ వచ్చాను. ఆ భుజానికి ఏ నొప్పీ లేదు తల్లీ.

కాబట్టి ఆ ఏడు వయోలాల్లో నువ్వు వింటున్నది మీ అమ్మ కాదు. ఇది రాయడం కన్నా నా పళ్లన్నీ మళ్లీ పీకించుకోవడం తేలిక. ఆరేళ్లుగా నువ్వు ఎవరి మీద తల పెట్టుకుని పడుకుంటున్నావో ఆ మనిషి ఆ పూట ఇంట్లో నీ నుదుటి మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఒక వయోలా తగ్గితే ఎవరికి వినిపిస్తుందని అడిగాను. మీ తొమ్మిదిమందికీ వినిపించింది. అది ఆమె లేని చోటు అని తెలియకపోయినా, ప్రతి ఆదివారం దానికి ఊపిరి బిగబట్టుకుంటున్నారు. నేనూ ఆమె కోసం అలాగే ఉన్నాను, ఒక్క ఆదివారమని కాదు.

సభలో ఏం చదువుతావో నీ ఇష్టం. వ్యాసం చదివితే నేను అబద్ధమని ఎవరికీ చెప్పను, నువ్వు విన్నది నువ్వు విన్నావు. ఈ ఉత్తరం చదివినా నాకు సమ్మతమే. పోస్ట్‌మాన్ గారికి కోపం వస్తే నాకు రాయమను, ఆయనకు ఉత్తరాలు కొత్త కాదు కదా. నా మీద నీకు కోపం వస్తే దాచుకోకు, మీ అమ్మలాగా మూత వేసి పెట్టకు. అది నేను భరించలేను.

ఇంకొక్క మాట. దానికి ముందు మేమిద్దరం కలిసి వాయించిన గూఢచారి సినిమాలు ఆరు ఉన్నాయి. పేర్లన్నీ వెనక పేజీలో రాశాను, అన్నీ మీ సంఘం దగ్గర ఉంటాయి. వాటిలో వయోలాల్లో అమ్మను వెతకకు, నాకే ఏది ఆమెదో చెప్పడం రాదు. హార్న్ కోసం విను. చాలాసేపు ఉండదు. నువ్వు మరిచిపోతావు కూడా. తర్వాత వస్తుంది, ఎక్కడ రావాలో సరిగ్గా అక్కడ. అది అమ్మ.

ఇట్లు,
ఇప్పటికీ ఇరవై దాటి లెక్కపెట్టలేని
మీ నాన్న