బాపట్లలో ఆగిపోయిన మాట

తెనాలి,
14 జూన్ 2004.

అక్కా,

మీ పాప పుట్టినరోజు మధ్యలో చెప్పకుండా రైలెక్కేశామని నీకు కోపం వచ్చే ఉంటుంది. నా కోపం ముందు అది ఏ మూలకూ చాలదు. ఈ విషయం ఇంతవరకు అమ్మకు కూడా చెప్పలేదు. సిగ్గు విడిచి నీకు రాస్తున్నాను.

పెళ్లైన కొత్తలో బీరువా సర్దుతుంటే ఆయన చొక్కాల కింద బెలూన్ల ప్యాకెట్లు, గాలి తీసి మడతపెట్టిన ఈత ట్యూబు కనిపించాయి. పిల్లలు లేని ఇంట్లో ఇవేంటని నవ్వుతూనే అడిగాను. ఆయన వచ్చి మంచం మీద కూర్చున్నారు. మగవాడికి ఆడదాని మీద పుట్టే కోరిక తనకు ఊదిన బెలూన్ దగ్గర కూడా పుడుతుందని చెప్పారు. దాని నునుపు, రబ్బరు వాసన, ఎక్కడ పగులుతుందోనన్న బెదురు, అన్నీ కలిసి అలా చేస్తాయట. ఎందుకో ఆయనకే తెలియదట. "నీకు తెలుసనుకున్నా మాధురీ. పెళ్లికి ముందే మీ బావగారికి చెప్పాను. అమ్మాయికి చెప్పండి, తను సరేనంటేనే ముహూర్తం పెట్టించండి అన్నాను. సరేనందని ఆయనే కబురు చేశారు" అన్నారు.

నేను నమ్మలేదు. దొరికిపోయేసరికి బావ మీదికి నెడుతున్నాడనుకున్నాను. నోటికొచ్చినట్టు తిట్టాను.

తర్వాత అర్థం చేసుకోవడానికి నా తంటాలు నేను పడ్డాను. ఆయనే బోసురోడ్డులో నెట్ సెంటరుకు తీసుకెళ్లి, ఇలాంటివాళ్లు దేశదేశాల్లో ఉన్నారని చూపించారు. కొందరికి పగలగొట్టడం ఇష్టమట. ఈయనకు పగిలితే ప్రాణం పోయినంత పనవుతుంది. ఇది పిచ్చి కాదని, ఎవరికీ హాని లేదని, నేను నచ్చక వచ్చింది అసలే కాదని మెల్లగా తెలిసింది. ఒక ఆదివారం నేనే ఒకటి ఊది చేతికిచ్చాను. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ నాతో అబద్ధమాడాడన్న ఉక్రోషం మాత్రం పోలేదు.

ఇక మొన్న మీ ఇంట్లో ఏం జరిగిందో చూశావుగా. చాక్లెట్లు, చమ్కీలు నింపిన పెద్ద బెలూన్ కేకుకు పైగా వేలాడుతోంది. కింద చేతులు చాపి పిల్లలు. బావ గుండుసూది తెచ్చి ఈయన చేతిలో పెట్టాడు. "చిన్నల్లుడే పేల్చాలండి. మాధురీ, నీ సవతిని నీ మొగుడి చేతే చంపిస్తున్నా, చూసుకో" అన్నాడు. తోడల్లుళ్ల సరసం కదా, అందరూ నవ్వారు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈయన సూది బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయారు.

నేను ఎవరికీ చెప్పలేదక్కా. మరి బావకెలా తెలిసింది? అంటే ఆయన మొదట చెప్పిందే నిజం. కట్టుకున్నవాణ్ని ఇన్నాళ్లూ అబద్ధాలకోరని ఆడిపోసుకున్నాను. ఆ మాట నేను ఒప్పుకునేలోపే, మర్నాడే ఆయన రేపల్లెలో ఆఫీసు దగ్గర గది తీసుకున్నారు. "నువ్వే నమ్మని ఇంట్లో ఎలా ఉండను" అన్నారు.

నీకూ ముందే తెలుసా? అదొక్కటే చెప్పు.

మాధురి


బాపట్ల,
19 జూన్.

చిట్టి చెల్లీ,

తెలుసు. పెళ్లికి ముందు మీ ఆయన మా వరండాలో కూర్చుని మీ బావతో చెబుతుంటే వంటింట్లోంచి విన్నాను. "అమ్మాయి వద్దంటే జాతకాలు కలవలేదని నేనే తప్పుకుంటానండి, ఆమె మీద మాట రానివ్వను" అన్నాడు. నీకు చెబుదామన్నాను. అమ్మ చెప్పనివ్వలేదు. అప్పటికే నీకు రెండు సంబంధాలు తప్పిపోయాయి. "పెళ్లయితే అన్నీ అవే సర్దుకుంటాయి, దానికెందుకిప్పుడు" అంది. నువ్వు సరేనన్నావని మీ బావ కబురు పంపాడు. నేను నోరు మూసుకున్నాను.

నీ మంచికే అనుకున్నామే. నిన్నేమీ గోతిలోకి తోయలేదు కదా. మొన్నటి మాట గురించి మీ బావను నిలదీస్తే, నవ్వులాటకు ఇంత రాద్ధాంతమా అంటున్నాడు. మీ ఆయన మంచివాడు. వెళ్లి తీసుకొచ్చుకో.

నీ అక్క,
చంద్రకళ


తెనాలి,
22 జూన్.

ఏమండీ,

అక్క ఉత్తరం ఇందులోనే పెడుతున్నాను. మీరు చెప్పింది పొల్లుపోకుండా నిజం. మిమ్మల్ని అనరాని మాటలన్నాను, మన్నించండి.

కానీ నా గోడు కూడా వినండి. మీ మాట అప్పుడే నాదాకా వస్తే ఏమనేదాన్నో. భయపడి వద్దనేదాన్నేమో. ఆలోచించుకుని సరేననేదాన్నేమో. అది తేల్చుకోవలసింది నేను. నావాళ్లే నన్ను అడగకుండా నా పేరు మీద మీకు మాటిచ్చారు. మీరు నమ్మి తాళి కట్టారు, నేను ఏమీ తెలియక తల వంచాను. మోసం మీకొక్కరికే జరగలేదు. అమ్మకు నేనింకా ఉత్తరం రాయలేదు. రాయబుద్ధి కావడం లేదు.

ఆదివారం రేపల్లె ప్యాసింజరుకు రండి. కాపురానికి కాదు, పెళ్లిచూపులకు. మధ్యలో పెద్దలెవరూ ఉండరు. ఆ రోజు బావకు చెప్పిందంతా నాకు చెప్పి, నన్నే అడగండి. వద్దంటే నింద రానివ్వకుండా తప్పుకుంటానన్నారట కదా, ఆ మాట మీదే ఉండండి. ఏమంటానో నాకే ఇంకా తెలియదు. ఏమన్నా, ఈసారి అనేది నేను.

మాధురి