వాగు ఆగిన కాడ

నల్లగొండ,
ఫిబ్రవరి 1959

ప్రియమైన సిద్దిరాములు బావకు,

నీ బామ్మర్ది మల్లేశం దండాలు. నువ్వూ అక్కా పైలమే కదా. మనిద్దరం కల్సి రేడియోల ఇనవడాలని ఎన్నేండ్ల సంది అనుకుంటున్నం. దసరాకు హైదరాబాదు రమ్మని పిలుపొచ్చింది.

శ్రావణంల అక్క పెండ్లికొచ్చినప్పుడు మీ ఊరి వాగు ఎట్ల దుంకిందో ఇంకా యాదున్నది. మనం వాయించే వాగు పాటల నా ఫిడేలుకు గా ఉరుకుడే రాసుకున్న. నీ పిల్లనగ్రోవికి నువ్వు రాసి పంపింది చూస్తే మతి పోయింది. నాలుగు స్వరాలూదుతవ్, ఆగుతవ్. మల్ల నాలుగు, మల్ల ఆగుడు. వాగుకు ఎక్కిళ్లొచ్చినయా బావా? మగ్గం నేసుకుంట రాసినవా ఏంది? ఆపకుండ ఊదేటట్టు ఇంకోసారి రాయి.

నీ జవాబు కోసం చూస్తుంట,
మల్లేశం

ఆత్మకూర్,
మార్చి 1959

ప్రియమైన మల్లేశంకు,

నువ్వు చూసింది వానకాలం వాగు. ఎండకాలం వచ్చి చూడు. ఈడ మడుగు, ఆడ మడుగు, నడుమ అంత ఇసుక. నేను చూసిందే రాసిన. నచ్చకుంటే ఇంకొకణ్ని చూసుకో, నాకేం ఫికర్ లేదు.

మీ అక్క మామిడికాయ తొక్కు పెడతదట, వచ్చి తీస్కపో.

నీ బావ,
సిద్దిరాములు

నల్లగొండ,
మే 1959

ప్రియమైన బావకు,

తొక్కు కోసమొచ్చి మీ ఇంట్ల నాలుగొద్దులుంటి. నీకు ఎదురుంగ అనలేకపోయిన, ఇప్పుడంటున్న. నీ మీద నాకు కోపంగున్నది.

నువ్వు సంతకు పోయిన పొద్దు అక్క నన్ను నీళ్లకు వాగుకు తోల్కపోయింది. ఇసుకల చేతులతోని చెలిమె తోడింది. జర సేపట్ల నీళ్లూరినయ్. ఆడనే కూసొని అక్క ఏడ్సింది. ఏడాది సంది నీకు దమ్ము అందుతలేదట, నాలుగు స్వరాలకే రొమ్ము పట్టేస్తున్నదట. నాకు చెప్పొద్దని ఆమెతోని ఒట్టేపిచ్చుకున్నవట. నేనేమన్న పరాయోణ్నా?

ఇంకొకలతోని నేను వాయించ. నా ఉరుకుడంత కొట్టేసిన. నువ్వు ఆగిన కాడల్ల ఫిడేలు లావు తీగ మీద మెల్లగ నడిపిస్త. ఇసుక కింద నీళ్లు పోతనే ఉంటయ్ కదా. నువ్వు నిమ్మళంగ దమ్ము తీస్కో. దవాఖానకు మాత్రం పో, లేకుంటే నేనే వచ్చి గుంజుకపోత.

కోపం తగ్గని నీ బామ్మర్ది,
మల్లేశం

ఆత్మకూర్,
ఆగస్టు 1959

ప్రియమైన మల్లేశంకు,

దవాఖానకు పోయిన. గోలీలతోని దమ్ము నిమ్మళించింది. నిన్న ఆపకుండ శానసేపు ఊదిన. మీ అక్క మగ్గానికి నూలు కండెలు చుట్టుడు ఆపి ఇన్నది. వాగు గూడ రెండు ఒడ్లు ఒరుసుకుంట పారుతాంది. నువ్వు ముందుగాల రాసిన ఉరుకుడు పాటే వాయించొచ్చు ఇగ.

కని వద్దు. నువ్వు కొత్తగ రాసి పంపింది మనసుల పాడుకుంట ఊదితే, ఆగిన కాడల్ల నువ్వు నా పక్కన కూసున్నట్టున్నది. అప్పుడు దమ్ము లేక ఆగిన. ఇప్పుడు నువ్వు ఇనవడాలని ఆగుతున్న. దసరాకు గట్లనే వాయిద్దాం.

నీ బావ,
సిద్దిరాములు