చిన్నమ్మి బీమా ఫారం

అనంతగిరి, ఆగస్టు 2004, మంగళవారం

మా ఆసుపత్రి ఆయాలకు ఆరోగ్య బీమా ఫారాలు ఇవాళ నేనే నింపాను. ‘పాత జబ్బులు’ అన్న గడి దగ్గర చిన్నమ్మి నా చెయ్యి పట్టుకుంది.

“నడుం నొప్పి రాయొద్దు సిస్టరమ్మా. రాత్తే బీమా ఇవ్వరంట.”

“దాస్తే రేపు ఆపరేషనుకు డబ్బివ్వరు.”

“మరేటి సెయ్యమంటారు?”

పన్నెండేళ్లుగా రోగులను ఎత్తి దించడం వల్ల వచ్చిన నొప్పి అది. ఉన్నదే రాశాను. ఏజెంటు చదివి, ఆ ఒక్క ఫారం వెనక్కిచ్చేశాడు. నేను చేసింది తప్పో ఒప్పో ఇప్పటికీ తేలడం లేదు.

చిన్నమ్మి ఆ ఫారం మడిచి కొంగున ముడేసుకుంది. లేవలేని ముసలాయనను పక్కకు తిప్పడానికి వార్డులోకి వెళ్లింది. నేనూ వెళ్లి ఆయన కాళ్లవైపు పట్టుకున్నాను.

“మీకెందుకమ్మా, వదిలీండి. మీ నడుం పట్టేత్తాది” అంది.