గరీబ్ బాబాయ్ డిస్కు, మీరు కాపలా కాసే పేజీ

పోర్ట్ సయీద్,
14 అక్టోబర్ 2019, సోమవారం.

గౌరవనీయులైన ఉస్తాజ్ మమ్‌దూహ్ గారికి,

మీకూ మీ ఇంటిల్లిపాదికీ శాంతీ ఆరోగ్యమూ కలగాలని కోరుతూ నాహిద్ అల్‌బద్రీ రాయునది. నేను కుశలం. మీరూ కుశలమే అయివుంటారు. మన కంప్యూటర్ సంఘం వికీలో నా మార్పును మూడోసారి కొట్టేసేంత ఓపిక ఉన్న మనిషికి ఏ రోగం ఉంటుంది? అక్కడి చర్చాపేజీలో నా నోరు కూడా కట్టేశారు గనక ఈ కాగితం, ఈ తపాలా.

పాత డిస్కును ఇమేజ్ ఫైలుగా దాచుకోవడం ఎలా అన్న పేజీకి మీరు కాపలాదారు. అందులో ఏముంది? ముందుగా ఒక ఖాళీ ఇమేజ్ ఫైలు చేసుకోమంటారు. ఆ తర్వాత డిస్కులో ఉన్నదంతా ఉన్నదున్నట్టు అందులోకి తీసే ఆదేశం. దాని కింద ఒకే ఒక్క వాక్యం: ‘మొదటిది తీసేది, రెండోది పోసేది.’ డిస్కు పేరూ ఫైలు పేరూ ఉండే ఆ ఆదేశమేమో ఎడమ నుంచి నడుస్తుంది. మనమేమో అరబీ అక్షరాలు నేర్చిన నాటి నుంచీ కుడి నుంచి చదివేవాళ్లం. మరి మనవాడికి మొదటిది ఏదవుతుంది, మహానుభావా?

గరీబ్ బాబాయ్‌కి కుడివైపుదే మొదటిదయింది, డిస్కు పేరు అక్కడ పెట్టాడు. రేవులో ముప్ఫయ్యేళ్లు సరుకు దించిన మనిషి. మన రేవు తంత్రీవాద్యం సిమ్‌సిమియ్యా మీటే ముసలివాళ్లను కాఫీ కొట్లలో కూర్చోబెట్టి, పాడించి, ఆ పాటలన్నీ ఒక డిస్కులో పెట్టుకున్నాడు. ఆ పాడినవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. మీ పేజీ అచ్చు తీసుకుని, వేలు పెట్టి చదువుకుంటూ, ఖాళీ ఇమేజ్‌ను తీసుకెళ్లి ఆ డిస్కు మీద పోసేశాడు. నాకు ఫోన్ చేసి, “అమ్మాయ్, పని సాఫీగా అయిపోయింది, ఒక్క తప్పు కూడా చూపించలేదు! ఇప్పుడు పాటలకి ఎక్కడ నొక్కాలి?” అని అడిగాడు. పాటలన్నీ అప్పటికే తుడిచిపెట్టుకుపోయాయి.

ఈ సంగతి చెప్తే మీరేమన్నారు? “చదవడం చేతకానివాళ్లు డిస్కుల జోలికి రాకూడదు” అన్నారు. అబ్బో! నేను రాసిందేమిటి? ‘మొదటిది, రెండోది’ తీసేసి ‘ఎక్కడి నుంచి, ఎక్కడికి’ అని పెట్టాను. పాత డిస్కు మీద రాయడం కుదరకుండా ముందే కట్టడి చేసుకోమన్నాను. ఇమేజ్‌ను చూడ్డానికి మాత్రమే తెరిచి, లోపల అన్నీ ఉన్నాయో లేదో చూసుకోమన్నాను. మీరు మూడూ పీకేసి, ఎక్కడో ఒక అక్షరం మీద చుక్క సరిదిద్ది, ‘భాష మెరుగుపరచబడింది’ అని రాసుకున్నారు. కాస్తయినా సిగ్గనిపించలేదా?

పైగా పదిమందిలో, “ఇది నౌరస్ రాసిన పేజీ. అంతటి వాడు మళ్లీ పుట్టడు. ఆయన మాట దిద్దడానికి నువ్వెవరమ్మా?” అన్నారు. ఆ మారుపేరు వెనక ఉన్నదెవరో మీకు తెలియదు, మనిషిని చూసింది లేదు. అయినా ఆరేళ్లుగా ఆ వాక్యానికి దండాలు పెడుతూనే ఉన్నారు. మీదీ ఒక బతుకేనా!

వచ్చే శుక్రవారం మన సంఘం సభలో ఇదే పేజీ అచ్చు వేసి నలభైమంది పంతుళ్ల చేతుల్లో పెడతారట. వాళ్లు తమ బడుల పాత డిస్కులు వెంట తెస్తారు. నలభైమందీ కుడి నుంచే చదువుతారు. గురువారంలోపు పేజీ మార్చండి. లేదంటే సభ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి చేతిలోంచీ ఆ కాగితం లాక్కుంటాను.

ఇట్లు,
మీ మన్నన బొత్తిగా అక్కర్లేని
నాహిద్

తా.క.: నౌరస్ నేనే. ఆరేళ్ల కిందట, ఇరవయ్యో ఏట, నా అంతటి వాళ్లు లేరన్న పొగరుతో ఒక్క మధ్యాహ్నంలో రాసి పడేశాను. తర్వాత పాస్‌వర్డ్ పోగొట్టుకున్నాను. చేతకానివాళ్లు ముట్టుకోవద్దని అప్పట్లో నేనూ అనేదాన్ని. కాబట్టి పై తిట్లలో సగం నాకే. గరీబ్ బాబాయ్‌తో మాత్రం డిస్కు పాతదైపోయి చచ్చిందని అబద్ధమాడాను. ఆయన నమ్మేసి, “పోనీలేమ్మా, నువ్వేం చేస్తావ్” అని నాకే టీ పోసిచ్చాడు. రేపు పొద్దున వెళ్లి, ఆ వాక్యం రాసింది నేనేనని ఆయనకు చెప్పబోతున్నాను.