అప్పలమ్మ పిన్ని వెయ్యని వేలిముద్ర

జూన్ 4
ఫోటోలు అమ్మిపెట్టే వెబ్‌సైటు వాళ్ల జవాబు. నేను తీసిన మేకపోతు ఫోటో నచ్చిందట. కానీ పెంపుడు జంతువు కాబట్టి యజమాని సంతకం పెట్టిన అనుమతి పత్రం కావాలట. మేకకు కూడా కాగితమే... రేపు ఆర్యపల్లి వెళ్లి పిన్నిని అడగాలి.

జూన్ 5
అప్పలమ్మ పిన్ని ఇసుకలో ఎండుచేపలు తిరగేస్తోంది. మేకపోతు పక్కనే, ఆమె కొంగు నములుతూ. నుదుట పసుపు, మెడలో గంట. సీసాతో పాలు పట్టి పెంచింది. బాబాయి పడవ తుఫానులో చిక్కుకున్న రోజు దాన్ని అమ్మవారికి మొక్కింది, ఆయన ప్రాణాలతో వచ్చాక అమ్మవారి పేరున వదిలేసింది. ఇక దాన్ని ఎవరూ అమ్మకూడదు, కొయ్యకూడదు.

కాగితం చూపించాను.

"నానెలాగెయ్యను బావూ ఏలిముద్ర? అది నాది కాదు, అమ్మోరిది. ఆ తల్లినడుగు."

నవ్వుతూనే అంది. వచ్చేటప్పుడు ఎండు నెత్తళ్లు పొట్లం కట్టి ఇచ్చింది.

జూన్ 6
యజమాని అన్నచోట నా పేరే రాశాను. సంతకమూ నాదే. అమ్మవారొచ్చి కేసు పెడుతుందా ఏమిటి... పంపేశాను. నెత్తళ్లు వేయించమని ఇంట్లో ఇవ్వబుద్ధి కాలేదు.

జూలై 11
ఫోటో అమ్ముడైంది. ఎవరు కొన్నారో చెప్పరు.

జూలై 29
మా టౌను బడా బజార్‌లో కొత్త మటన్ కొట్టు. బోర్డు మీద అదే పసుపు నుదురు, అదే గంట. కింద ఒడియాలో — తాజా మాంసం. ఈ ఫోటో ఎక్కడిదని అడిగాను. కొట్టతను రసీదు చూపించాడు. కొనుక్కున్న ఫోటో, అతని తప్పేముంది?

ఆగస్టు 1
పిన్ని నా ఫోటో స్టూడియోకి వచ్చింది. గంప దించి గడప అవతలే కూర్చుంది. బజారుకి చేపలు తెచ్చిన వాళ్లూరి ఆడవాళ్లు బోర్డు చూశారట. అమ్మవారి సొత్తుకి కసాయి దగ్గర బయానా తీసుకుందని ఊరంతా అంటున్నారట.

"ఈయేడు పూజకి నా సేతి పసుపు ఒద్దనేసేరు బావూ."

తల తిప్పుకున్నాను.

"నువ్వూ బొమ్మ తీసేవు గానీ నాను ముద్ర ఎయ్యలేదు కదా, నువ్వు అమ్ముకోవు. మరి ఇదెవులు తీసేరో..."

"కనుక్కుంటాను పిన్నీ" అన్నాను. నా నోట్లో పురుగులు పడ.

ఆగస్టు 2
వెబ్‌సైటులోంచి ఫోటో తీసేశాను. బోర్డు దించమని కొట్టతన్ని బతిమాలాను. దించనన్నాడు.

ఆగస్టు 4
పిన్ని ఫోన్. ఆదివారం గుడి దగ్గర పెద్దలు కూర్చుంటారట.

"నువ్వొచ్చి, నాను ముద్ర ఎయ్యలేదని ఒక్క మాట సెప్పు. నీ మాటైతే నమ్ముతారు."

వస్తానన్నాను. ఆ మాట అబద్ధం కాదు, ఆమె వెయ్యలేదు. అంతవరకూ చెప్పి వచ్చేయొచ్చు. మరి ఎవరు పెట్టారు సంతకం అని ఎవరైనా అడిగితే... అడగకపోతే?